నీటి వేడికి లెక్క ఎవరు రాస్తున్నారు?

(పరవాడలో రైతు, మత్స్యకార సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాం. ఒకటికి రెండుసార్లు చెప్పినవి మాత్రం తీసేశాం.)



పోయిన వేసవిలో ఒకరోజు తెల్లారేసరికి మన పక్క ఊరి చెరువులో చేపలు తేలాయి. మీలో చాలామంది వెళ్లి చూశారు. ఆ చెరువు పాట పాడుకున్నవాళ్లు ఈ వరసలోనే కూర్చున్నారు. ఆరింటికి కబురొస్తే ఏడింటికి మేము అక్కడున్నాం. పదకొండు దాటాక ఒక అధికారి వచ్చారు. గట్టు మీద నిలబడి ఓ సీసాతో నీళ్లు పట్టించుకున్నారు. "ఎండలు బాగా కాస్తున్నాయి కదండీ, నీళ్లు వేడెక్కి పోయుంటాయి, ఇది సహజమే" అన్నారు. మనవాళ్లు ఊరుకోలేదు. "కాదండీ, రాత్రి గెడ్డలోకి ఎవరో నీళ్లు వదిలారు, అవి చెరువులో కలిశాయి" అన్నారు. గంటసేపు కేకలు పడ్డాయి.

ఆయన్ని మేము అడిగాం, నీళ్లు ఎంత వేడెక్కాయండీ అని. చెప్పలేకపోయారు. ఆయన తిరిగి మమ్మల్ని అడిగారు, మామూలు రోజుల్లో ఎంతుంటాయి అని. మేమూ చెప్పలేకపోయాం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెరువు. ఈతలు నేర్చుకున్నదీ, గేదెల్ని కడిగిందీ అందులోనే. మామూలుగా ఆ నీళ్లు ఎంత వెచ్చగా ఉంటాయో చెప్పడానికి మా దగ్గర ఒక్క అంకె లేదు. కాగితం మీద "సహజ కారణం" అని రాసుకుని ఆయన వెళ్లిపోయారు. అది తప్పని ఇప్పటికీ మేము రుజువు చెయ్యలేం. ఒప్పని ఆయనా రుజువు చెయ్యలేరు.

ఈరోజు మాట్లాడేది ఆ "సహజం" గురించే. ఏ ఫ్యాక్టరీ లేకపోయినా నీళ్లు తమంతట తాము ఎంత వేడెక్కుతాయి, ఎంత చల్లబడతాయి? గోదావరంత నదిలో ఎంత, మన గెడ్డలో ఎంత, మడిలో ఎంత? ఇది తెలియకపోతే ఎవరేం చెప్పినా తల ఊపాల్సిందే.

ముందు మన చేతిని నమ్మడం మానుకోవాలి. మన నూతి నీళ్లే తీసుకోండి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చేద వేస్తే నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. రోహిణీ కార్తెలో అదే నుయ్యి చల్లగా ఉంటుంది. అందరూ ఏమనుకుంటారు? నుయ్యి చలికాలంలో వేడెక్కి ఎండాకాలంలో చల్లబడుతుందని. అది కాదు సంగతి. కాస్త లోతున్న నూతిలో నీళ్లు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడిమిలో ఉంటాయి. మన కోస్తాలో అది సుమారు 27, 28 డిగ్రీలు. పుష్యమాసం తెల్లవారుజామున బయట 17 డిగ్రీలుంటే 27 వెచ్చగా తగులుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం 40 ఉంటే అదే 27 చల్లగా తగులుతుంది. నుయ్యి మారలేదు, మారింది మన ఒళ్లు. కాబట్టి "చెయ్యి పెట్టి చూశాం, కాలిపోతున్నాయి" అనే సాక్ష్యం ఏ ఆఫీసులోనూ నిలవదు. నిలవకపోవడం న్యాయమే కూడా.

ఇప్పుడు ఎండ సంగతి. ఎండాకాలం మబ్బు లేని రోజున మన ప్రాంతంలో ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 6 యూనిట్ల కరెంటుతో సమానం. మీటరు తిరిగే యూనిట్లే, అవే 6. ఆ వేడంతా నీళ్లలోనే ఉండిపోయిందనుకోండి. 5 మీటర్ల లోతు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కుతాయి. ఒక మీటరు లోతైతే 5 డిగ్రీలు. జానెడు కూడా లేని 10 సెంటీమీటర్ల మడి నీళ్లయితే 50 డిగ్రీలు పెరగాలి. అలా ఎందుకు పెరగవు? ఆవిరి వల్ల. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే మడికీ, చెరువుకీ, నదికీ వర్తిస్తుంది. గాలి పొడిగా ఉండి వీస్తుంటే ఆవిరి ఎక్కువ పోతుంది, వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి ఆగి ఉక్కగా ఉన్న రోజున పోదు. అందుకే ఒకే ఎండలో రెండు రోజులు నీళ్లు ఒకేలా ఉండవు. రాసుకునేటప్పుడు గాలి ఎలా ఉందో కూడా రాయాలని తర్వాత చెప్పబోయేది ఇందుకే.

ఈ లెక్క బుర్రలో పెట్టుకుని గోదావరి దగ్గరికి వెళ్దాం. అంత దూరం ఎందుకని అనుకోకండి. మన పక్కన నడిచే పరిశ్రమలు తాగేది ఆ నీళ్లే. రాజమండ్రి దగ్గర కాతేరులో గోదావరిని తోడి ఏలేరు కాలువలో కలుపుతారు, అది ఇటు విశాఖ దాకా వస్తుంది. రేపు పోలవరం ఎడమ కాలువ అనకాపల్లి దాకా పారితే మన పొలాలకు వచ్చేదీ ఆ నీళ్లే.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. అంత పెద్ద నది ఒక రోజులో పెద్దగా కదలదు. లోతు నీళ్లున్న చోట పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఒకటి, రెండు డిగ్రీలు మించదు. దాని కదలికంతా నెలల మీద ఉంటుంది. చలికాలంలో కింది గోదావరి నీళ్లు 22, 24 డిగ్రీల దాకా దిగుతాయి. మే నెలకు 30 దాటుతాయి. వర్షాలు పడి శబరి, ఇంద్రావతి ఎర్రనీళ్లు దిగగానే మళ్లీ కాస్త తగ్గుతాయి. ఆ తగ్గడం కూడా ఒక పద్ధతిగా ఉండదు. మొదటి వరద వచ్చిన వారంలో నదికి ఒక్కసారి చలి పుట్టినట్టుంటుందని అక్కడి పడవవాళ్లు చెప్తారు. పైన అడవుల్లో పడ్డ వాన, బురద వల్ల లోపలికి దిగని ఎండ, ఒక్కసారిగా పెరిగిన లోతు, మూడూ కలిసి చేసే పని అది.

చలికాలంలో తెల్లవారుజామున రేవులో నీళ్ల మీద పొగలు లేవడం చూసే ఉంటారు. మన ఏలేరు కాలువ మీద కూడా లేస్తాయి. నీళ్లు గాలి కంటే వెచ్చగా ఉన్నాయని దానర్థం. నది ఆలస్యపు మనిషి. గాలి చల్లబడిన చాలా రోజులకు తను చల్లబడుతుంది, గాలి వేడెక్కిన చాలా రోజులకు తను వేడెక్కుతుంది. నీటి గుణమే అది, ఎక్కువ వేడి పుచ్చుకుని తక్కువ పెరుగుతుంది.

అదే గోదావరిలో చోటు మారితే లెక్క మారిపోతుంది. పాపికొండల మధ్య నది సన్నగా, చాలా లోతుగా ఉంటుంది. అక్కడ ఎండ పడే మేర తక్కువ, నీళ్లు ఎక్కువ. కొండలు దాటి పోలవరం దిగి రాజమండ్రి చేరేసరికి నది కిలోమీటర్ల వెడల్పు పరుచుకుంటుంది. ఎండాకాలంలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. తిన్నెల మధ్య మోకాలి లోతు పాయలో మధ్యాహ్నం రెండింటికి నిలబడితే కాళ్లు కాలతాయి. యాభై గజాల అవతల అసలు పాయలో పడవ మీంచి చెయ్యి పెడితే హాయిగా ఉంటుంది. రెండూ గోదావరే, రెండూ సహజమే. పొద్దున అసలు పాయలో కొలిచి, మధ్యాహ్నం తిన్నె పక్కన కొలిచి, "ఆరు డిగ్రీలు పెరిగింది, పైన ఎవరో వేడినీళ్లు వదిలారు" అంటే అది అబద్ధం చెప్పడమే. అలాంటి అబద్ధం మన వైపు నుంచి ఒక్కటి దొరికితే చాలు, ఆ తర్వాత మనం చెప్పే నిజాలు కూడా ఎవరూ వినరు.

అవతలివాళ్లూ ఈ పని చెయ్యగలరు, తెలియకుండానే చెయ్యవచ్చు కూడా. మన దేశంలో నదుల మట్టం, ప్రవాహం కొలిచేది కేంద్ర జల సంఘం. గోదావరి మీద పోలవరం దగ్గర వాళ్ల కేంద్రం ఉంది. ఆ కొలతలు మామూలుగా పొద్దున ఎనిమిదింటికి తీస్తారు. ప్రవాహానికి ఆ వేళ సరిపోతుంది. వేడికి మాత్రం సరిపోదు. రాత్రంతా చల్లబడిన నీళ్లు రోజు మొత్తంలో అతి తక్కువ వేడి మీద ఉండేది దాదాపు ఆ వేళకే. అతి ఎక్కువ ఉండేది సాయంత్రం నాలుగు, అయిదు మధ్య. పొద్దున్నే ఒక్కసారి కొలిచిన పుస్తకం చూసి "ఈ నీళ్లు 30 దాటవు" అనేస్తే సాయంత్రం చేప పడే బాధ ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు.

చేప పడే బాధ ఏమిటో చూద్దాం. చేప పీల్చేది నీళ్లలో కరిగిన ప్రాణవాయువు. నీళ్లు వేడెక్కేకొద్దీ అది తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పడుతుంది. 30 దగ్గర 7.6, 35 దగ్గర 7కి దిగిపోతుంది. ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ. మరోవైపు నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో పని వేగం పెరిగి దానికి ఎక్కువ గాలి కావాలి. అంటే సరుకు తగ్గినప్పుడే గిరాకీ పెరుగుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తుంగభద్ర, మూసీ, గంగ, నర్మద వంటి నదుల మీద చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. నీళ్లు ఒక డిగ్రీ పెరిగితే కరగగల ప్రాణవాయువు సుమారు 2.3 శాతం తగ్గుతుందని వాళ్లు లెక్కగట్టారు. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. మామూలుగానే అంచున బతుకుతున్న చెరువులో ఆ ఒక్కటీ ఎక్కువే.

ఆ రోజు చెరువు గట్టు మీద మాకు తెలియని సంగతి ఇంకొకటుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో పగలంతా నాచు ప్రాణవాయువు చేస్తుంది. రాత్రి నాచు కూడా పీల్చడం మొదలుపెడుతుంది. దాంతో తెల్లారే వేళకు నీళ్లలో గాలి అట్టడుక్కి పోతుంది. ముందు రోజు మబ్బు పట్టి ఉంటే మరీ ఘోరం. అలాంటి చెరువులో చేపలు చచ్చేది మూడింటి నుంచి ఆరింటి మధ్య. ముందు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, పెద్ద చేపలు ముందు పోతాయి. బయటి నుంచి విషమో, మరీ వేడినీళ్లో వచ్చి చంపితే వేళాపాళా ఉండదు. చిన్నా పెద్దా తేడా ఉండదు. నీళ్లు వచ్చిన మూల నుంచి మొదలవుతుంది. ఇది రుజువు కాదు, జాడ మాత్రమే. మన పక్క ఊరి చెరువులో చేపలు ఎన్నింటికి తేలడం మొదలైంది, ఏ మూల, ఏ సైజువి ముందు? ముగ్గుర్ని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. మా అనుమానం ఏమిటంటే, చెప్పడం ఇబ్బందిగానే ఉన్నా, ఆ రోజు ఆ అధికారి మాట సగం నిజమై ఉండొచ్చు. మిగతా సగం మాత్రం ఎవరూ వెతకలేదు.

వరి రైతులకు దీంతో పనేంటి అనకండి. దాళ్వా ఆకుమడి పోసినవాళ్లకు తెలుసు. చలి రాత్రుల్లో మొక్క పసుపెక్కి ఎదగదు. పొద్దున్నే చల్లటి నీళ్లు తీసేసి, నూతి నీళ్లు పెట్టమని పెద్దలు చెప్పేది నీటి వేడి లెక్కే. నూతి నీళ్లు 27 కాబట్టి మొక్కకు కంబళి కప్పినట్టుంటుంది. ఎండాకాలం పంటకు అదే తిరగబడుతుంది. మడిలో నీళ్లు పలచగా ఉంటే మధ్యాహ్నం 40 దగ్గరికి పోతాయి, వేర్లు ఉడుకుతాయి. కాస్త లోతు నిలిపితే ఆగుతాయి. పూత వేళ 35 దాటిన గాలికి తాలు గింజ ఎక్కువవుతుందని చేలో చూస్తూనే ఉన్నాం. రొయ్యల చెరువుల వాళ్లకు చెప్పక్కర్లేదు, వెనామీకి 28 నుంచి 32 మధ్య బాగుంటుంది. రోజులో నాలుగు డిగ్రీలు ఊగిందంటే మేత తినదు.

ఇక మనుషులు కలిపే వేడి. బొగ్గుతో కరెంటు చేసే చోట బొగ్గు వేడిలో సగం దాకా నీళ్లలోకే పోతుంది, మిగిలినదాంట్లోంచే కరెంటు వస్తుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, ఆవిరి యంత్రం తీరే అంత. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి నది నీళ్లను ఒకసారి వాడి, పది డిగ్రీలు పెంచి, తిరిగి నదిలోకే వదిలేస్తే దానికి సుమారు 500 క్యూసెక్కులు కావాలి. అవి నదిలో ఏం చేస్తాయన్నది నది మీద ఆధారపడి ఉంటుంది. నదిలో 50 వేల క్యూసెక్కులు పారుతుంటే కలిసిపోయాక పెరిగేది డిగ్రీలో పదో వంతు, ఎవరికీ తెలియదు. 5 వేలు పారుతుంటే ఒక డిగ్రీ. వెయ్యే పారుతుంటే 5 డిగ్రీలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. అదే గోదావరి ఎండాకాలంలో కొన్ని వేలకు దిగిపోతుంది. ఫ్యాక్టరీ అదే, గొట్టం అదే. ఆగస్టులో కొలిచి "ఏమీ లేదు" అన్న నివేదిక మే నెలకు పనికిరాదు. పైగా మే నెలలో నది తనంతట తనే పతాక స్థాయిలో ఉంటుంది. మనం కలిపే ఒక్క డిగ్రీ దాని నెత్తి మీద పడుతుంది.

ఊహ కాదిది. కృష్ణా నది మీద ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. మొదటి యూనిట్ 1979లో మొదలైంది. పాత ఆరు 210 మెగావాట్ల యూనిట్లు నది నీళ్లు తీసుకుని, కండెన్సర్లు చల్లబరిచి, వెచ్చటి నీళ్లను కాలువలో తిరిగి వదిలే పద్ధతిలో కట్టినవి. ఎండాకాలం బ్యారేజీ గేట్లు మూసి ఉన్నప్పుడు అక్కడ నది నిలిచిన చెరువులాంటిది. నదికి సహజమైన వేడి ఎంత, కాలువ తెచ్చిన వేడి ఎంత అని అక్కడ విడదీయాలంటే కాలువకు ఎగువన ఏళ్ల తరబడి రాసిన లెక్క ఉండాలి.

చట్టంలో ఏముందో చూద్దాం. 1974 జల కాలుష్య చట్టం కాలుష్యం అంటే రసాయనాలు కలపడమే అనలేదు. నీటి భౌతిక, రసాయన, జీవ గుణాల్లో ఏది చెడేలా మార్చినా కాలుష్యమే అంది. వేడి భౌతిక గుణం. కాబట్టి రంగూ వాసనా లేని శుభ్రమైన వేడినీళ్లు కూడా కాలుష్యమే కావచ్చు. ఈ ఒక్క మాట మీరు గుర్తుపెట్టుకుంటే ఈ సమావేశం ఖర్చు కిట్టినట్టే. తర్వాత 1998 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు నియమం పెట్టింది. నదులు, చెరువులు, జలాశయాల నీళ్లు వాడే కొత్త కేంద్రాలు తప్పకుండా కూలింగ్ టవర్లు కట్టాలి. సముద్రపు నీళ్లు వాడేవి వదిలే చోట, కలిసే నీళ్ల సహజ వేడి కంటే 7 డిగ్రీలు మించి పెంచకూడదు. ఇతర పరిశ్రమల వ్యర్థజలాలకు సాధారణ ప్రమాణం 5 డిగ్రీలు.

సహజ వేడి కంటే 7. సహజ వేడి కంటే 5. ఇక్కడే ఆగి ఆలోచించండి. ఏడుకీ అయిదుకీ గొడవ లేదు, చట్టంలో అచ్చయి ఉన్నాయి. ఆ "సహజ వేడి" ఎక్కడ, ఏ వేళ, ఏ లోతులో కొలవాలి? గొట్టానికి పది గజాల పక్కన కొలిస్తే అక్కడి నీళ్లు అప్పటికే వెచ్చబడి ఉంటాయి, తేడా చిన్నదవుతుంది. మరీ దూరంగా లోతులో కొలిస్తే తేడా పెద్దదవుతుంది. ఆ మొదటి అంకె ఎవరి చేతిలో ఉంటే తగువు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఇప్పటిదాకా అది మన చేతిలో ఎప్పుడూ లేదు.

మన పరవాడ సింహాద్రి కేంద్రం సంగతికొస్తాం. 500 మెగావాట్లవి నాలుగు యూనిట్లు, మొత్తం 2,000. మొదటి యూనిట్లు 2002లో వచ్చాయి. చల్లబరచడానికి సముద్రపు నీళ్లు, మిగతా అవసరాలకు ఏలేరు కాలువ నీళ్లు వాడుతుంది. అల్లంత దూరం నుంచి కనబడే 165 మీటర్ల టవర్లు ఉన్నాయి కదా, వాటివల్ల వేడిలో ఎక్కువ భాగం ఆవిరిగా ఆకాశంలోకి పోతుంది, నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. పైన చెప్పిన 500 క్యూసెక్కుల లెక్కను తీసుకెళ్లి దీనికి అంటించకండి. అలా అంటించిన కరపత్రం ఒకటి మేము చూశాం, అది తప్పు. తిరిగి తిరిగి ఉప్పు పెరిగిన నీళ్లలో కొంత మాత్రం బయటికి వదలక తప్పదు. అడగాల్సింది దాని గురించి. (మంచినీళ్ల రిజర్వాయరు మీద 2021లో పరిచిన 25 మెగావాట్ల తేలే సోలారు పలకలు చూశారా? నీళ్లకు పందిరి వేసినట్టుంది, ఆవిరి తగ్గుతుంది. మంచి పని మంచిదే.)

తిక్కవానిపాలెం, ముత్యాలమ్మపాలెం నుంచి వచ్చిన అన్నలకు ఒక మాట. మన సముద్రం వేడి కూడా నిలకడైంది కాదు. అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి విశాఖ తీరం నీళ్లు కొలిచాడు. ఎండలు ముదిరే ముందు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంటే పైనీళ్లు సముద్రంలోకి జరిగిపోయి, అడుగు నుంచి చల్లనీళ్లు ఒడ్డు దగ్గర పైకి వస్తాయని చూపించాడు. వేటకు పోయేవాళ్లకు ఇది వింత కాదు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఒడ్డున నీళ్లు ఒక్కోసారి ఉన్నట్టుండి చల్లబడతాయి, చేప చోటు మారుతుంది. ఆ రోజుల్లో సహజ వేడి తగ్గుతుంది కాబట్టి నియమం ప్రకారం 7 డిగ్రీల గీత కూడా కిందికి దిగాలి. ఏడాదికొక సగటు అంకె పెట్టుకుని లెక్క చేస్తే ఆ గీత దిగదు. ఏ రోజు సహజం ఆ రోజుదే.

మళ్లీ గోదావరి. పోలవరం దగ్గర 2021 జూన్ నుంచి నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. జలాశయం ఇంకా పూర్తిగా నింపలేదు. నిండిన రోజున నది అక్కడ నది కాదు, లోతైన సరస్సు అవుతుంది. పారే నదిలో పైనా కిందా నీళ్లు కలగలిసి దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. నిలిచిన లోతు నీళ్లు ఎండాకాలంలో పొరలు కడతాయి, పైన వెచ్చన, అడుగున చల్లన, గాలి తక్కువ. ఏ మట్టం నుంచి తీస్తే ఆ నీళ్లు వస్తాయి. కాలువ తలుపు పైన ఉంటే వెచ్చటివి, లోతున ఉంటే చల్లటివి. అప్పుడు మన ఆకుమడి మొక్క తెలియక బెంగపెట్టుకుంటే మనం దేనితో పోల్చి చెప్తాం? ఆనకట్టకు ముందున్న నదితోనే కదా. ఆ ముందు నది ఇంకా కొద్దికాలమే ఉంటుంది, ఇప్పుడే రాసుకోవాలి. అక్కడి సంఘాలతో మాట్లాడాం, రాజమండ్రి రేవులో కొలవడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

2003 వేసవిలో ఫ్రాన్స్‌లో ఎండలకు నదులు వేడెక్కి అణు విద్యుత్ కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. కొన్నింటికి ప్రభుత్వం సడలింపు ఇచ్చింది, దాని మీద గొడవైంది. గొడవ పడగలిగారంటే నది రోజూ ఎంత వేడిగా ఉందో అందరి ముందూ ఉండబట్టే.

సరే, చెయ్యాల్సింది చెప్తాం. ఊరికి ఇద్దరు చొప్పున కావాలి, ఒకరు కొలిచేవారు, ఒకరు రాసేవారు. వారానికి రెండు రోజులు. తెల్లారే ముందు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి. గడియారం చూసి రాయండి, "పొద్దున్నే" అని రాయకండి. మోకాలి లోతులో, నీడలో, బుడ్డి నీళ్లలో ఉండగానే చదవాలి. పైకి తీసి చదివితే గాలి వేడి వస్తుంది. ఎక్కడైనా గొట్టం గానీ మదుము గానీ కలుస్తుంటే మూడు చోట్ల కొలవాలి, దానికి ఎగువన, కలిసే చోట, దిగువన, మూడూ పావుగంటలోపే. ఎండా మబ్బా, గాలి ఉందా, వాన పడిందా, నీటి మట్టం ఎంత, ఇవి పక్కన రాయండి. వేడి తక్కువొచ్చినా రాయాలి. మనకు పనికొచ్చే అంకెలే రాసిన పుస్తకాన్ని మొదట మేమే చించేస్తాం. నెలకోసారి అన్ని థర్మామీటర్లూ ఒకే గ్లాసు ఐసుముక్కల్లో ముంచి సున్నా చూపుతున్నాయో లేదో చూద్దాం. ఏడాది నిండాలి. మూడు నెలల లెక్కతో ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు.

ఇంకోవైపు, పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి పరిశ్రమా ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి, షరతులు ఎలా పాటిస్తోందో నివేదిక ఇవ్వాలి. వదిలే నీళ్ల వేడి గురించి అందులో ఏం రాశారో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. దరఖాస్తు నమూనా తయారుగా ఉంది. వాళ్ల అంకె, మన అంకె పక్కపక్కన పెట్టి చూద్దాం. కలిస్తే సంతోషం, నిజంగానే.

వెనక నుంచి ఓ పెద్దాయన అడుగుతున్నారు, "మా లెక్క ఆళ్లు ఒప్పుకుంటారా బాబూ" అని. కోర్టులో నిలిచే లెక్క కాకపోవచ్చండీ, బాబాయ్. గుర్తింపున్న ప్రయోగశాల కొలతే చివరికి కావాలి. ఏ రోజు, ఏ వేళ, ఏ చోటికి వచ్చి కొలవాలో వాళ్లకు చెప్పడానికి మన పుస్తకం కావాలి. ఆ చెరువు దగ్గరికి పదకొండింటికి వచ్చినట్టు కాకుండా.

థర్మామీటర్లు పన్నెండు తెచ్చాం, ఆ బల్ల మీద ఉన్నాయి. పాదరసానివి కావు, లోపల ఎర్ర రంగు స్పిరిట్ ఉంటుంది, పగిలినా భయం లేదు. పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి. పేరు, ఊరు, ఏ నీళ్లు కొలుస్తారో రాయించుకుని తీసుకెళ్లండి. కొండకర్ల ఆవకు ఇంతవరకు ఎవరూ పేరివ్వలేదు, అచ్యుతాపురం వాళ్లెవరైనా ఉంటే ముందుకు రండి.